కలుపు లేని సగం

రోడ్డు మీంచి చూస్తే ఆ చేను దువ్వి పాపిడి తీసిన తలలా ఉండేది. పై గట్టు నుంచి కింది గట్టు దాకా నలభై సాళ్ళు, ఒక్కటీ వంకర పోకుండా, వాలు వెంబడే నేరుగా దిగేవి. మొక్కజొన్న తప్ప ఇంకో పచ్చ పోచ కనిపించేది కాదు. చేను పెద్దాయనను అందరూ దువ్వెన అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయన దాన్ని బిరుదుగా తీసుకున్నాడు.

ఆ ఇంటి కోడలికి పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో మామగారి గురించి ఆమె రూఢి చేసుకున్నవి రెండే. ఆయన మాట తప్పడు. ఆయన కలుపు వదలడు. రెండింటిలో ఏది పెద్దదని ఎవరూ అడగలేదు. అడగాల్సిన రోజు రాలేదు.

ఇంట్లో నాలుగు ఆవులున్నాయి. పాలు పిండడం, పేడ ఎత్తడం, మేత వేయడం ఆమె పని. భర్త పాల వ్యాను నడుపుతాడు. ఆవుల సంగతి ఎత్తితే, "నేను పాలు మోసేవాణ్ణి, పిండేవాణ్ణి కాదు" అని తప్పుకుంటాడు. చేను మామగారిది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆమె వరండాలో కూర్చుని అందరి పనుల మీదా అభిప్రాయం చెబుతుంది.

ఆ ఏడు తొలకరికి ముందు, మామగారు బయటి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ ఒక కబురు చెప్పాడు.

"కంకులు విరిచాక చుక్కనీ దాని తల్లినీ తోలుకెళ్ళమని పశువుల బేరగాడికి చెప్పాను."

కోడలు చేతిలో పాల బకెట్టు కింద పెట్టింది. "ఎందుకు మామయ్యా?"

"మేత లేదు కనక. మన చొప్ప రెండు నెలలు వస్తుంది. ఆ తరవాత ఎన్ని ఊళ్ళు తిరిగామో పోయినేడాది నువ్వే చూశావు."

"నన్ను ఒక మాట అడగొచ్చుగా."

"అడిగితే వద్దంటావు."

"అంటాను."

"అందుకే అడగలేదు."

చుక్క పుట్టిన రోజు వెనక కాళ్ళు ముందు వచ్చాయి. డాక్టరు వచ్చేలోపు కోడలే మోచేయి దాకా చెయ్యి పెట్టి లాగింది. తల్లి ఆవు అప్పటి నుంచి ఇంకెవరి చేతికీ పాలు వదలదు. అత్తగారు ప్రయత్నిస్తే బకెట్టు తన్నింది. భర్త ప్రయత్నిస్తే భర్తనే తన్నింది. ఆ రెండూ వెళ్ళిపోతే కొట్టంలో మిగిలేవి ఎవరి చేతికైనా పాలిచ్చే ఆవులు. మంచివే. కానీ ఆమెవి కావు.

మూడో రోజున ఆమె పశువుల ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ మేత విభాగం చూసే ఉద్యోగినిని చుట్టుపక్కల అందరూ గడ్డి మేడమ్ అంటారు. మేడమ్ టేబుల్ మీద ఫైళ్ళ కంటే గడ్డి కట్టలు ఎక్కువ. కోడలు చెప్పిందంతా విని, ఒక కాగితం మీద గీతలు గీసింది.

"ఇవి మొక్కజొన్న సాళ్ళు. మొక్క మోకాలి ఎత్తుకు వచ్చాక మధ్యలో గినీ గడ్డి పిలకలు నాటుతారు. మొక్కజొన్న నీడలో అది అణిగి ఉంటుంది, పంటకు అడ్డం రాదు. కంకులు విరిచేసరికి ఎండ తగిలి లేస్తుంది. మీకు మేత. పైగా నేల మీద కప్పు. మీ చేను వాలు కదా, వానకి మట్టి పోవడం లేదూ?"

పోతోంది. చేలో ఎడమ వైపున వాన కోసిన గండి ఒకటి ఉంది. సాళ్ళతో సమానంగా పై నుంచి కింది దాకా, మోకాలి లోతున. మామగారు పీకిన కలుపంతా పూడ్చడానికని అందులోనే వేసేవాడు. ఏటేటా వాన ఆ కలుపునూ, దాంతో పాటు ఇంకో జానెడు మట్టినీ కిందికి తీసుకుపోయేది. ఆయన మళ్ళీ వేసేవాడు.

ఆ సాయంత్రం ఇంట్లో విషయం బయటపెట్టింది.

"ఏం నాటాలి?" అన్నాడు మామగారు.

"గడ్డి."

"గడ్డి వస్తే ఏం చెయ్యాలని అడగటం లేదమ్మా. ఏం నాటాలంటున్నావు?"

"గడ్డే మామయ్యా. గడ్డి నాటాలి."

అత్తగారు వరండాలోంచి అందుకుంది. "యాభై ఏళ్ళు నా చేత పీకించిందంతా ఇప్పుడు తిరిగి నాటుతారన్నమాట. ఆ రోజే వదిలేసి ఉంటే నా మోకాళ్ళయినా మిగిలేవి."

బేరం తెగడానికి రెండు రోజులు పట్టింది. ఆయన షరతులు వేళ్ళు మడిచి చెప్పాడు. కుడి వైపు ఇరవై సాళ్ళు ఆమెవి, ఎడమ వైపు ఇరవై ఆయనవి. కంకులు విరిచే రోజుకు ఆమె సగంలో నెల రోజుల మేత నిలబడి ఉండాలి, రోజుకో మోపు చొప్పున. ఉంటే బేరగాణ్ణి వెనక్కి పంపేస్తాడు. లేకపోతే రెండు ఆవులూ వెళ్ళిపోతాయి, ఎవరూ కళ్ళనీళ్ళు పెట్టుకోకూడదు. ఈలోగా ఆమె సగంలో ఆయన పార గానీ కొడవలి గానీ పెట్టడు.

"మాటేనా మామయ్యా?"

"నేను ఎప్పుడైనా తప్పానా?"

తప్పలేదు. ఆమె ఒప్పుకుంది. బేరగాడికి కూడా కబురు వెళ్ళింది. అతను నవ్వి, "మీ ఇష్టం, నేనైతే తాడు తెచ్చుకుంటాను" అన్నాడట.

మొక్కజొన్న మోకాలి ఎత్తుకు వచ్చిన వారం మేడమ్ నాలుగు గోనె సంచుల పిలకలు పంపింది. కోడలు, ఇద్దరు కూలి మనుషులు కలిసి మూడు రోజుల్లో నాటారు. మేడమ్ తనే వచ్చి రోడ్డు పక్కన రేకు బోర్డు పాతించింది: మొక్కజొన్నలో అంతర పంటగా గినీ గడ్డి, ప్రదర్శన క్షేత్రం. పక్కన నిలబెట్టి ఫొటో తీసింది. మామగారు ఫొటోలోకి రాలేదు. ఒంట్లో నలతగా ఉందన్నాడు.

మూడు వారాల్లో పిలకలు నిలదొక్కుకున్నాయి. మామగారు చేనుకు వెళ్ళే దారి మార్చాడు. కుడి సగం కనబడకుండా కింది గట్టు మీంచి చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. అర కిలోమీటరు ఎక్కువ. అయినా టీ కొట్టు దారిలోనే ఉంది.

"ఏం దువ్వెనా, ఒక పక్క గొరిగి ఇంకో పక్క వదిలేశావేం?"

"మంగలి మధ్యలో లేచిపోయాడా?"

ఆయన టీ సగంలో వదిలి వచ్చేసేవాడు. ఇంటికొచ్చి అన్నం దగ్గర, "బోర్డు పెట్టారు కాబట్టి సరిపోయింది, లేకపోతే కలుపనుకునేవాళ్ళు" అనేవాడు. "బోర్డు ఉండబట్టే కదా అందరూ ఆగి చూస్తున్నారు" అనేది అత్తగారు.

అయినా ఆయన చెయ్యి పెట్టలేదు. ఒకరోజు గట్టు మీద నిలబడి కుడి సగంకేసి చూస్తూ, కుడి చేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని ఉండటం కోడలు గమనించింది. పాపం అనుకుంది కూడా.

అలాంటి సమయంలో ఆమె తండ్రి ఫోను చేశాడు. ఆయనదీ వ్యవసాయమే, మూడు గంటల ప్రయాణం అవతల. ఆయన చేను కూడా కలుపు లేని చేనుగా పేరు పడ్డదే. పెళ్ళి సంబంధం కుదిరినప్పుడు వియ్యంకులిద్దరూ ఒకరి చేను ఒకరు చూసుకుని, ఇంక వేరే ఏమీ అడగక్కర్లేదనుకున్నారు.

"బావగారూ, ఆదివారం వస్తున్నాను. చేను చూసి చాలా రోజులైంది" అన్నాడు ఆయన.

"రండి రండి" అన్నాడు మామగారు. ఫోను పెట్టేశాక కూర్చున్న చోటి నుంచి చాలాసేపు లేవలేదు.

ఆ శుక్ర, శని వారాలు పశువుల ఆఫీసులో శిక్షణ తరగతులు. అంశం: అంతర పంటగా వేసిన గడ్డిని కాపాడుకోవడం. కోడలు పొద్దున పాలు పిండి, భర్త వ్యానులో వెళ్ళి, సాయంత్రం పాల వేళకు తిరిగొచ్చేది. రెండు రోజులూ చేను వైపు వెళ్ళే తీరిక దొరకలేదు. గడ్డికి ఏ పురుగు పడుతుంది, ఏ తెగులు వస్తుంది, మేకలు రాకుండా కంచె ఎలా వేయాలి, అన్నీ నోటు పుస్తకంలో రాసుకుంది. మామగార్ల గురించి తరగతిలో ఎవరూ చెప్పలేదు.

ఆదివారం పది గంటలకు తండ్రి బస్సు దిగాడు. చంకలో మడత పెట్టిన గోనె సంచి ఉంది. కూర్చోమన్నా కూర్చోకుండా, "ముందు చేను" అన్నాడు. మామగారు అప్పటికే ఉతికిన చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. ఆ రోజు చుట్టు దారి పట్టలేదు. తిన్నగా రోడ్డు మీంచే తీసుకెళ్ళాడు.

తండ్రి బోర్డు ముందు ఆగి, అక్షరం అక్షరం చదివాడు. చదివి చేనుకేసి చూశాడు. మళ్ళీ బోర్డు చూశాడు.

"బావగారూ, గడ్డి ఎక్కడ?"

"మన చేలో గడ్డేంటి బావగారూ" అన్నాడు మామగారు మీసం సవరించుకుంటూ. ఆ మాట ఆయన రెండు రోజులుగా సిద్ధం చేసుకున్నదని ఆమెకు అర్థమైంది.

నలభై సాళ్ళూ ఒక్కలా ఉన్నాయి. ఆమె గబగబా గట్టు దిగి మూడో సాలు పక్కన కూర్చుంది. వారం క్రితం తన అరచెయ్యంత వెడల్పున దుబ్బు కట్టిన చోట మట్టి చదునుగా ఉంది. గుంట కూడా లేదు. పీకాక గుంట పూడ్చి, పైన చేత్తో తట్టాడు.

"ఎవరు పీకారు మామయ్యా?"

"నేనేనమ్మా." ఆయన గొంతులో తప్పు చేసిన జాడ లేదు. "మీ నాన్న వస్తున్నాడు. కలుపు పట్టిన చేనున్న ఇంట్లో కూతుర్నిచ్చానా అని ఆయన మనసు కష్టపడదూ? నీ పరువు కోసమే. రెండు రోజులు పట్టింది. నడుం పట్టేసింది."

"పార పెట్టనన్నారు. కొడవలి పెట్టనన్నారు."

"పెట్టానా? చేత్తో పీకాను."

తండ్రి చంకలోంచి గోనె సంచి తీసి, ఏం చెయ్యాలో తోచక మడత విప్పాడు. "నేను పిలకలు తీసుకెళ్దామని వచ్చాను బావగారూ. అమ్మాయి ఫోనులో చెప్పింది. మా చేను మీరు చూశారుగా, అద్దంలా ఉండేది. పోయిన వానకి పై మట్టంతా రోడ్డెక్కింది. రోడ్డువాళ్ళు యంత్రం తెచ్చి ఎత్తించారు. ఇప్పుడు చేలో రాళ్ళు తేలాయి. అద్దంలాగే ఉందిలెండి, ఇంకా మెరుస్తోంది."

మామగారి మొహంలో రంగు మారింది. తరవాత ఆయన నెమ్మదిగా, తనకు తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "అయినా ఏం పోయింది? గడ్డే కదా. మళ్ళీ వస్తుంది. యాభై ఏళ్ళుగా పీకుతున్నాను, పీకింది రాకుండా పోవడం నేనెప్పుడూ చూడలేదు. రెండు వారాలు చూడు. రాకపోతే నన్నడుగు."

ఆయన నిజంగానే అలా నమ్మాడు. జీవితమంతా తిరిగొచ్చే గడ్డితోనే ఆయనకు పరిచయం. నాటిన గడ్డి పీకితే పోతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తండ్రి ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

కోడలు మేడమ్‌కు ఫోను చేసింది. పిలకల మడి ఖాళీ అయిపోయిందట, వచ్చే తొలకరి దాకా లేవట. మేడమ్ బాధపడింది. కోడలి గురించి కొంత, తన గురించి కొంత. "మొన్ననే రిపోర్టు పంపాను కదండీ, నూటికి తొంభై దుబ్బులు నిలిచాయని. కంకుల రోజున ఫొటోతో రమ్మన్నారు కూడా."

మర్నాటి నుంచి మామగారు పొద్దున్నే కుడి సగంలోకి వెళ్ళేవాడు. సాలు సాలుకూ కూర్చుని, కళ్ళు చికిలించి, మట్టి మీదికి వంగి చూసేవాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు కలుపు తీస్తున్నాడనుకున్నారు. ఆయన మొలకలు వెతుకుతున్నాడు. ఎడమ సగంలో ఎప్పటిలాగే కలుపు మొలిచేది, ఎప్పటిలాగే పీకేవాడు, గండి దాకా వెళ్ళే తీరిక మాత్రం దొరికేది కాదు. కుడి సగంలో మాత్రం తుంగ పోచ కూడా రాలేదు. పని అంత బాగా చేశాడు.

"వచ్చిందా?" అని అడిగేది అత్తగారు ఆయన గుమ్మం ఎక్కగానే.

"ఇంకా లేదు."

"గడ్డి కోసం ఎదురుచూసే రోజు కూడా చూశాను. ఇక నేను పోయినా పరవాలేదు."

కోడలు ఆయనతో మాట్లాడటం మానేసింది. మధ్యలో అత్తగారు ఉండేది. "అత్తయ్యా, టీ పెట్టానని చెప్పండి" అనేది, ఆయన అక్కడే రెండు అడుగుల దూరంలో ఉండగా. "టీ పెట్టిందట. విషం కలపలేదులెండి" అని చేరవేసేది అత్తగారు. రెండు వారాలు పోయాయి. మూడు పోయాయి. రాకపోతే నన్నడుగు అన్నాడు గానీ ఆమె అడగలేదు.

బేరగాడికి ఇచ్చిన మాట అలాగే ఉంది. ఆయన దాన్ని వెనక్కి తీసుకుంటానని అనలేదు. ఒకసారి భర్త ఆ మాట ఎత్తితే, "షరతు షరతేరా. ఆమె సగంలో గడ్డి లేదు" అన్నాడు. "లేకుండా చేసింది నువ్వే కదా నాన్నా" అంటే, "అది వేరే సంగతి" అన్నాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని అత్తగారు తరవాత చెప్పింది.

కంకి గింజ పట్టే రోజుల్లో పెద్ద వాన పడింది. పగలంతా కురిసింది. ఎడమ వైపు గండి ఈసారి ఇంకో రెండు సాళ్ళను మింగుతుందని అందరూ అనుకున్నారు. తెరిపి ఇవ్వగానే మామగారు చెప్పులు కూడా వేసుకోకుండా చేనుకు వెళ్ళాడు. తిరిగొచ్చాక గండి ఎంత తెగిందని అడిగితే, "తెగలేదు" అన్నాడు. ఎందుకు తెగలేదని అడిగితే, వినపడనట్టు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

రెండు రోజుల తరవాత, చుక్క తొట్టి కడుగుతుంటే కోడలి వేలికి ఒక ఆకు తగిలింది. పొడుగ్గా, వెడల్పుగా, మధ్యలో తెల్లటి ఈనె. చొప్ప ఆకు కాదు. నోటు పుస్తకం తియ్యక్కర్లేకుండానే గుర్తుపట్టింది. చుక్క మూతి చూసింది. మూతి పచ్చగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం మామగారు కండువాలో ఏదో చుట్టుకుని బయల్దేరితే, ఆమె కాస్త ఎడంగా వెనకే వెళ్ళింది. ఆయన మొక్కజొన్నలోకి దిగి ఎడమ సగం వైపు నడిచాడు. ఆ సగంలో పదమూడు సాళ్ళు దాటాక గండి. ఆమె సాళ్ళ సందులోంచి చూసేసరికి ఆయన కండువాలోంచి కొడవలి తీస్తున్నాడు.

గండి గండిలా లేదు. పై గట్టు నుంచి కింది గట్టు దాకా నడుమెత్తు గినీ గడ్డి నిలబడి ఉంది. వాన తెచ్చిన మట్టి దుబ్బుల మొదట్లో ఆగి, మోకాలి లోతు గుంట చీలమండ లోతుకు వచ్చింది.

ఎలా జరిగిందో ఆమెకు చూడగానే అర్థమైంది. ఆ రెండు రోజులూ పీకిన దుబ్బులను ఆయన కలుపు వేసే చోటే వేశాడు. మరొకరైతే విసిరేసేవారు. ఈయన పారేసే చెత్తను కూడా వరసగానే పారేస్తాడు. వేళ్ళు కిందికి, ఆకులు పైకి, మూరకొకటి చొప్పున పేర్చి, కొట్టుకుపోకుండా మట్టి లాగి కాలితో తొక్కాడు. శిక్షణలో మేడమ్ చూపించింది అచ్చం ఇదే. మేడమ్ వరసలు మాత్రం ఇంత తిన్నగా లేవు.

"ఇది కలుపు కాదా మామయ్యా?"

నెల తరవాత ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. ఆయన ఉలిక్కిపడి కొడవలి వెనక దాచాడు.

"చుక్క తింటుందో లేదోనని... కొంచెం కోశాను."

"తిన్నదా?"

"తొట్టి నాకింది."

ఆమె గండి గట్టు మీద కూర్చుంది. పై నుంచి కిందికి కళ్ళతోనే లెక్క కట్టింది. రోజుకో మోపు. నెల రోజులు. కోసిన చోట మళ్ళీ లేచేది వేరే.

"సరిపోతుంది" అంది.

"సరిపోతుంది. నేనూ చూశాను." ఆయన ఆమె వైపు చూడకుండా అన్నాడు. "కానీ ఇది నీ సగం కాదు."

"మామయ్యా!"

"షరతు నీ సగంలో అని. బేరగాడికీ అదే చెప్పాను, ఊరందరికీ అదే తెలుసు. ఇక్కడ గడ్డి ఉందని చెబితే నా సగంలో కలుపుందని ఒప్పుకున్నట్టు. నీ సగంలో ఏదని అడిగితే నేను పీకానని చెప్పాలి." గొంతు తగ్గించాడు. "మూడు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. ఎటూ తోచడం లేదు."

ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. చుక్కను ఉంచుకోవడానికి అడ్డంగా ఉన్నది మేత లేకపోవడం కాదని తెలిసింది. మేత కళ్ళ ముందే ఉంది. "మీరే తేల్చండి మామయ్యా" అని లేచి వచ్చేసింది.

కంకులు విరవడం గురువారం మధ్యాహ్నానికి అయిపోయింది. బేరగాడు రెండు తాళ్ళు భుజాన వేసుకుని వచ్చాడు. మేడమ్ స్కూటరు మీద వచ్చి, బోర్డు పక్కన ఆగి, బోర్డు వెనక నిలబడ్డ చొప్ప సందుల్లో ఖాళీ నేలను చూసి, హెల్మెట్ తీయకుండా అలాగే నిలబడింది.

"పెద్దాయనా, కుడి సగం చూశాను" అన్నాడు బేరగాడు. "మీ ఇంటి అరుగంత శుభ్రంగా ఉంది. మరి తోలుకెళ్ళనా?"

కోడలు మామగారి మొహం చూస్తోంది. ఆయన బోర్డు దగ్గరికి నడిచాడు. రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ ఊపి, పీకేశాడు. పీకడంలో ఆయనకు సాటి ఎవరూ లేరు. బోర్డు భుజాన పెట్టుకుని ఎడమ వైపు నడవసాగాడు. కుడి సగం దాటాక సాళ్ళు లెక్కపెట్టాడు, పైకి వినపడేలా. మిగిలిన ముగ్గురూ వెనకే వెళ్ళారు. పదమూడు అన్నాక ఆగి, గండి అవతలి గట్టు మీద బోర్డు దిగేశాడు. మడమతో మట్టి తొక్కాడు.

"ఇదుగో హద్దు. ఇక్కడి దాకా మా కోడలి సగం."

బేరగాడు వెనక్కి తిరిగి చూశాడు. ముందుకు చూశాడు. "సగమంటే ఇరవై సాళ్ళన్నారు కదా పెద్దాయనా."

"ఆమె సగం అన్నాను. ఇరవై అని నీకు చెప్పానా?"

"ఊళ్ళో అందరూ..."

"ఊళ్ళో అందరూ చెప్పారు. నేను చెప్పానా?"

బేరగాడు ఆలోచించాడు. ఈయన ఏ మాట ఎలా చెప్పాడో ఈయనకే గుర్తుంటుంది, వాదన అనవసరం అనుకున్నట్టుంది. గండిలోకి చూశాడు. ఒక దుబ్బు చేత్తో వంచి, వదిలాడు. "నెల రోజులేంటి, ఎక్కువే వస్తుంది" అని, ఒక తాడు మీద ఇంకో తాడు వేసి చుట్టుకున్నాడు. "గండిలో గడ్డి వేయాలని ఎవరికి తట్టింది?"

"మా కోడలికే" అన్నాడు మామగారు వెంటనే. "నాదేం లేదు. నా సగంలో గడ్డి పోచ కనపడితే చూపించు."

మేడమ్ హెల్మెట్ తీసి ఫొటోలు తీసింది. వరసలు చూసి ముచ్చటపడింది. "దుబ్బుకూ దుబ్బుకూ మధ్య మూర దూరం, భలే పాటించారండీ" అని కోడలి భుజం తట్టింది. కాగితం తీసి, "మీ విస్తీర్ణం ఎన్ని సాళ్ళని రాయమంటారు?" అంది.

కోడలు మామగారి వైపు తిరిగింది. "మధ్యలో ఈ పదమూడు సాళ్ళు?"

"గండి నీ సగంలోకి రావాలంటే అవి రావద్దూ? గండి గాల్లో ఎగిరొస్తుందా?" ఆయన విసుక్కున్నాడు. అప్పటికి గానీ లెక్క ఆయనకు పూర్తిగా తట్టలేదు. అవతల మిగిలిన తన చేనుకేసి చూశాడు. పెదాలు కదిలాయి. ఏడు.

"ముప్పై మూడు" అని చెప్పింది కోడలు. మేడమ్ రాసుకుంది. సాగుదారు అన్న చోట కోడలి చేత సంతకం పెట్టించింది. బేరగాడు అందరికంటే ముందు వెళ్ళిపోయాడు.

ఇంట్లో సంగతంతా విని అత్తగారు, "మాట నిలబెట్టుకున్నారా?" అని అడిగింది.

"నిలబెట్టుకున్నాను" అన్నాడు ఆయన.

"ఎంత మిగిలింది?"

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

మర్నాటి నుంచి ఆయన ఏడు సాళ్ళూ కలుపు తీసుకునేవాడు. పొద్దున మొదలుపెడితే ఎనిమిదిన్నరకల్లా అయిపోయేది. ఆ తరవాత గట్టు మీద కూర్చునేవాడు. నాలుగో రోజున, కోడలు మోపు కోయడానికి వచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు.

"నేను కోయనా?" అని అడిగాడు.

ఆమె కాసేపు ఆలోచించి, కొడవలి ఇచ్చింది. "జానెడు వదిలి కోయండి మామయ్యా. వేరు ముట్టుకోవద్దు."

"తెలుసులే."

ఆమె అరగంటలో కోసే మోపుకు ఆయనకు గంటన్నర పట్టింది. ప్రతి దుబ్బు దగ్గరా కూర్చుని, జాన పెట్టి కొలిచి, అన్నీ ఒకే ఎత్తున ఉన్నాయో లేవో తల వంచి చూసుకుని, ఎక్కడైనా అంగుళం లేచి ఉంటే మళ్ళీ వెనక్కి వెళ్ళి సరిచేసి వచ్చాడు. గట్టు కింద కట్టేసిన చుక్క రెండుసార్లు అరిచింది.

"వస్తున్నా, ఉండవే" అన్నాడు ఆయన, ఇంకో దుబ్బు దగ్గర కూర్చుంటూ.